మెమరీ నిండుకుంది

ఇంట్లో బియ్యం అయిపోతే మన పెద్దవాళ్లు ‘అయిపోయాయి’ అనరు, ‘నిండుకున్నాయి’ అంటారు. లేదనే మాట నోట రాకూడదని పుట్టిన పలుకుబడి అది. కంప్యూటర్ దగ్గర ఆ మొహమాటం అక్కర్లేదు, ర్యామ్ నిజంగానే నిండిపోయి నిండుకుంటుంది. ఆ క్షణంలో కంపైలర్ ఏం చేయాలి, పోతూ పోతూ ఏం చెప్పాలి అన్నది కంపైలర్లు పుట్టిననాటి నుంచీ ఉన్న ప్రశ్న. దానికి జవాబులు వెతికింది ఎక్కడెక్కడి ల్యాబుల్లోనో. వాటి ఫలితం అనుభవించేది మాత్రం దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలో మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న పిల్లలు.

ఆ పిల్లల్ని మా వైపు ఎరగనివాళ్లు లేరు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి బస్సెక్కి ఎల్బీ నగర్ చౌరస్తాలో దిగుతారు. చైతన్యపురి, కొత్తపేట సందుల్లో ముగ్గురికో గది చూసుకుంటారు. 2018 సెప్టెంబరులో ఎల్బీ నగర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రో వచ్చాక కోర్సు అక్కడ, బస ఇక్కడ పెట్టుకోవడం తేలికైంది. చేతిలో 8 జీబీ ల్యాప్‌టాప్, అదీ చాలాసార్లు సెకండ్ హ్యాండ్‌ది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కు వెళ్లి ఇంకో 8 వేయించుకోవచ్చు కదా అంటారు గానీ, సన్నపాటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది.

లెక్క కాగితం మీద వేసి చూడండి. ఆండ్రాయిడ్ స్టూడియోకు కనీసం 8 జీబీ కావాలని, ఎమ్యులేటర్ కూడా నడపాలంటే 16 ఉండాలని గూగులే రాసిపెట్టింది. కొత్త ప్రాజెక్టు తెరిస్తే బిల్డ్ నడిపించే గ్రాడిల్‌కు 2,048 ఎంబీ హీప్ ఇచ్చే లైను ఫైల్లో ముందే ఉంటుంది. కోట్లిన్ కంపైలర్ ఇంకో ప్రాసెస్‌గా లేస్తుంది, విడిగా చెప్పకపోతే గ్రాడిల్ పరిమితినే తానూ తీసుకుంటుంది. స్టూడియో తన వంతుగా ఒక జీబీ పైచిలుకు. ఎమ్యులేటర్ మరో రెండు. విండోస్ తన పాలు ముందే తీసుకుని కూర్చుంటుంది. పక్కన క్రోమ్‌లో యూట్యూబ్ పాఠం. ఎనిమిదిలో ఇవన్నీ ఎలా పడతాయి?

మా వీధి హాస్టల్ కుర్రాడు ఒకడు ఒక రాత్రి ఇదే పట్టుకొచ్చాడు. “అన్నా, నిన్నటిదాకా నడిచిన ప్రాజెక్టు. ఒక్క లైను ముట్టుకోలేదు. బిల్డ్ ఆగిపోతోంది.” తెర మీద గ్రాడిల్ డెమన్ హఠాత్తుగా మాయమైందని ఉంది, అంతకుమించి ఏమీ లేదు. పక్క మంచం మిత్రుడు సలహా ఇచ్చాడట, మెమరీ ఎర్రర్ కదా, హీప్ గీత పెట్టే ఎక్స్‌ఎంఎక్స్ అంకెను 4,096 చెయ్ అని. చేశాడు. అంతకుముందు పది నిమిషాలకు ఆగే బిల్డ్ ఇప్పుడు రెండు నిమిషాలకే ఆగుతోంది. ఈసారి పేజింగ్ ఫైల్ చాలడం లేదని, 1455 అనే అంకె కూడా కనిపించింది.

ఆ మిత్రుడు తెలివితక్కువవాడేం కాదు. ‘మెమరీ చాలలేదు’ అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు జబ్బులున్నాయి, అతనికి వాటిలో ఒకటే తెలుసు. మొదటిది లోపలి గోడ. గ్రాడిల్ నడిచే జావా మెషీన్ తనకు తాను గీసుకున్న హీప్ గీత అది. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌కూ అలాంటి గీతే ఉంది. యంత్రంలో ర్యామ్ ఖాళీగా పడి ఉన్నా ఆ గీత దాటనివ్వదు. దానికి మందు అంకె పెంచడం. రెండోది బయటి గోడ. యంత్రంలోనే చోటు లేదు. దానికి మందు అంకె తగ్గించడం, లేదా ఒకేసారి నడిచే పనులు తగ్గించడం. ఒకదాని మందు రెండోదానికి విషం. కాబట్టి ఏ గోడకు తగిలిందో చెప్పని సందేశం సగం సందేశం కూడా కాదు. కంపైలర్ బతకాలా చావాలా అని పండితులు చాలా వాదించారు. ఏం చెప్పి చావాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న అని నాకనిపిస్తుంది.

లినక్స్‌లో బయటి గోడ మరీ విచిత్రం. సీ భాషలో మాలాక్‌ను చోటడిగితే, లేనప్పుడు నల్ తిరిగి రావాలి. పుస్తకాల్లో అలాగే ఉంటుంది, క్లాసులో బోర్డు మీద ఆ ‘ఇఫ్’ రాయించని ఫ్యాకల్టీ ఉండరు. మామూలు లినక్స్ అమరికలో మాత్రం ఆ నల్ రావడం అరుదు. అడిగినవాళ్లకల్లా కెర్నెల్ సరేనంటుంది, పేజీని నిజంగా తాకినప్పుడే చోటు చూపిస్తుంది. పెళ్లికి వెయ్యి మందిని పిలిచి ఎనిమిది వందలకే వండించినట్టు. పిలిచినవాళ్లందరూ రారన్న ధీమా, చాలాసార్లు అది నిజమే అవుతుంది. అందరూ వచ్చేస్తే? అప్పుడు ఓఓఎం కిల్లర్ అనే పెద్దమనిషి పంక్తిలోకి వచ్చి, ఎక్కువ తింటున్నవాణ్ని చూసి విస్తరి ముందు నుంచి లేపేస్తాడు. బిల్డ్ నడిచేటప్పుడు ఎక్కువ తినేది సాధారణంగా కంపైలరే. లేపడం కూడా తొమ్మిదో నంబరు సిగ్నల్‌తో. దాన్ని ఆపడానికి గానీ, పోయేముందు ఒక ముక్క చెప్పడానికి గానీ ఏ ప్రోగ్రాముకూ వీల్లేదు. కంటైనర్లో అయితే చివరికి మిగిలేది 137 అనే అంకె, అంటే 128కి ఆ తొమ్మిది కలిపినది.

విండోస్ మర్యాద వేరు. అక్కడ గుమ్మం దగ్గరే తలలు లెక్కపెడతారు. ర్యామ్, పేజింగ్ ఫైలు కలిపి ఎంతవుతుందో అంతవరకే మాటిస్తుంది, మించితే లోపలికే రానివ్వదు. మన కుర్రాడికి కనిపించిన 1455 అదే.

చచ్చినవాడు చెప్పలేడు కాబట్టి ఇంకెవరో చెప్పాలి. సీ, సీ ప్లస్ ప్లస్ కంపైలర్ అయిన జీసీసీలో ఆ ఏర్పాటు దానంతటదే కుదిరింది. మనం పిలిచే జీ ప్లస్ ప్లస్ ఒక మేస్త్రి మాత్రమే. అసలు పని చేసే కూలీ సీసీ1ప్లస్ అనే వేరే ప్రాసెస్. కూలీ పోయినా మేస్త్రి మిగులుతాడు. ఏళ్ల తరబడి ఆ మేస్త్రి మోసుకొచ్చింది మాత్రం తప్పు కబురు. కంపైలర్‌లో అంతర్గత లోపం జరిగింది, పూర్తి బగ్ రిపోర్టు పంపండి అనేవాడు. ర్యామ్ చాలక పోయిన ప్రాసెస్‌కు కంపైలర్ లోపమని పేరు పెట్టడమంటే, ఆకలితో పోయినవాడికి గుండెజబ్బని రాసినట్టు. ఇప్పటి వెర్షన్లు ఫలానా సిగ్నల్ వల్ల ఫలానా ప్రోగ్రాము ఆగిపోయిందని సూటిగా చెబుతున్నాయి. చిన్న మార్పే, కానీ దాని విలువ ఇటువంటి గదుల్లో కూర్చుంటే గానీ తెలియదు.

అదే పని చేసే మరో కంపైలర్ క్లాంగ్ ఎదురుదిక్కుగా నడిచింది. 2020లో వచ్చిన పదో వెర్షన్ నుంచి ఒక్క ఫైలు కంపైల్ చేసేటప్పుడు మేస్త్రీ కూలీ ఒకే ప్రాసెస్. కొత్త ప్రాసెస్ పుట్టించే ఖర్చు తప్పింది, విండోస్‌లో ఆ ఆదా చిన్నది కాదు. కానీ ఆ తొమ్మిదో సిగ్నల్ పడితే ఇద్దరూ ఒకేసారి పోతారు. షెల్ రాసే ‘కిల్డ్’ అనే ఒంటి మాటే మిగులుతుంది. వేగం కోసం అది మంచి బేరమే కావచ్చు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి చూస్తే నాకు జీసీసీ మేస్త్రే మెరుగు.

నల్ నిజంగానే తిరిగొచ్చే సందర్భాలూ ఉన్నాయి. ప్రాసెస్‌కు పరిమితి పెట్టే యూలిమిట్‌తో కట్టేసినప్పుడు, లేదా 32 బిట్ల ప్రాసెస్‌లో చిరునామాలే అయిపోయినప్పుడు. ఎక్కువ కంపైలర్లు దానికి ఎంచుకున్న జవాబు ఒక్కటే, చెప్పి చచ్చిపోవడం. జీసీసీలో ఎక్స్‌మాలాక్ అనే ఫంక్షన్ ఇన్ని బైట్లు అడిగితే దొరకలేదని, అప్పటికి మొత్తం ఇంత తీసుకున్నానని రెండు అంకెలు రాసి బయటపడుతుంది. రెండో అంకె ఉజ్జాయింపే గానీ విలువైనది. పోయింది 200 ఎంబీ దగ్గరా, మూడు జీబీల దగ్గరా అన్నది చూస్తే ఏ గోడో ఊహించవచ్చు. క్లాంగ్‌కు పునాది అయిన ఎల్‌ఎల్‌వీఎంలో ఇంకో చిక్కు ఆలోచించారు. మెమరీ లేదని చెప్పే సందేశానికి కూడా మెమరీ కావాలి కదా? అందుకని మామూలు సందేశ యంత్రాంగాన్ని పక్కనపెట్టి, ముందే సిద్ధంగా ఉంచుకున్న అక్షరాలను నేరుగా తెర మీదికి తోసి ఆగిపోతుంది. జావా మెషీన్ కూడా ఈ ఎర్రర్ ఆబ్జెక్టులు కొన్నింటిని మొదట్లోనే చేసి దాచుకుంటుంది. కరెంటు పోయాక వెతుక్కోకుండా అగ్గిపెట్టె ముందే చేతికందే చోట పెట్టుకోవడం ఇది.

ఈ పద్ధతిని బద్ధకమని తిట్టేవాళ్లున్నారు. నేను వాళ్లలో లేను. ఫైలు చదివి, ఫైలు రాసి, వెళ్లిపోయే కంపైలర్ మధ్యలో పోతే కలిగే నష్టం సమయమే. రాసిన కోడ్ డిస్కు మీద భద్రంగానే ఉంటుంది. ప్రతి కేటాయింపు దగ్గరా వెనక్కి తగ్గే దారి రాసుకుంటూ పోతే వేల దారులవుతాయి, వాటిలో ఎక్కువ భాగం ఎన్నడూ పరీక్షకు నోచుకోవు. పరీక్షించని దారి ఆపదలో పనిచేస్తుందనుకోవడం అమాయకత్వం. హెర్బ్ సట్టర్ 2018లో సీ ప్లస్ ప్లస్ ప్రమాణ సంఘానికి ఇచ్చిన ప్రతిపాదనలో, హీప్ అయిపోవడాన్ని మిగతా లోపాలతో ఒకే గాటన కట్టవద్దని వాదించాడు. కంపైలర్ల విషయంలో ఆయన మాట నిలుస్తుంది.

అలాగని ఆ దారులు పరీక్షించడం అసాధ్యమేం కాదు. ఎస్‌క్యూలైట్‌ను చూడండి. పేరుకు డేటాబేసే గానీ దాని కడుపులో ఎస్‌క్యూఎల్‌ను బైట్‌కోడ్‌గా మార్చే కంపైలరుంది. దాని పరీక్షలు మొదటి కేటాయింపును కావాలని విఫలం చేస్తాయి, మళ్లీ మొదటి నుంచి నడిపి రెండోదాన్ని, ఆ తర్వాత మూడోదాన్ని, అలా పని నికరంగా పూర్తయ్యేదాకా. లువా భాషదీ అదే నీతి. అది వేరే ప్రోగ్రాము ఇంట్లో చుట్టంగా ఉంటుంది. దాని కంపైలర్‌కు చోటు చాలకపోతే ముందు చెత్త ఏరి చూసుకుంటుంది, అప్పటికీ చాలకపోతే ఇంటివాళ్లకు ఎర్రర్ కోడ్ ఇచ్చి పక్కకు తప్పుకుంటుంది. చుట్టపుచూపుగా వచ్చినవాడు ఇంటికి నిప్పు పెట్టకూడదు.

అసలు తగువు ఇక్కడే. ఒకప్పుడు వచ్చి పని చేసి పోయే కంపైలర్ ఇప్పుడు ఇల్లరికపు అల్లుడైంది. గ్రాడిల్ డెమన్ గంటల తరబడి అక్కడే ఉంటుంది. ఎడిటర్‌లో ప్రతి అక్షరానికీ వెనక ఒక కంపైలర్ చదువుతూ ఉంటుంది. చెప్పి చచ్చిపోయే కంపైలర్‌ను లైబ్రరీగా ఎడిటర్‌లో కలిపేస్తే, దానితోపాటు ఎడిటరూ పోతుంది. సేవ్ చేయని కోడ్ కూడా పోతుంది. అందుకే క్లాంగ్‌డీ వంటి లాంగ్వేజ్ సర్వర్లను వేరే ప్రాసెస్‌గా నడుపుతారు. నాకు తెలిసినంతలో ఈ మొత్తం ప్రశ్నకు దొరికిన మంచి జవాబు ఇదే. అల్లుణ్ని వేరు గదిలో ఉంచాలి, పోతే కబురు చెప్పడానికి ఇంటి పెద్ద మిగలాలి. జావా మెషీన్‌లోని జిట్ కంపైలర్, అంటే ప్రోగ్రాము నడుస్తుండగానే కంపైల్ చేసేది, మరో రకం. కోడ్ దాచుకునే చోటు నిండితే కంపైలర్‌ను ఆపేశానని హెచ్చరించి, ప్రోగ్రామును నెమ్మదిగానైనా నడిపిస్తూ పోతుంది. అల్లుడు అలిగినా ఇల్లు నడుస్తుంది. అది జిట్‌కు కుదిరింది, ఎందుకంటే కంపైల్ చేయకుండా నడిపే దారి దానికి ముందే ఉంది. జీసీసీకి అలాంటి దారి లేదు.

చాలని చోట బతకడం మొదటి తరం కంపైలర్లకు ఎర్రర్ కాదు, రోజువారీ పరిస్థితి. ఎల్బీ నగర్ నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా వెళితే వచ్చే ఈసీఐఎల్ 1967లో పుట్టింది, 1969లో టీడీసీ-12 కంప్యూటర్‌ను తెచ్చింది. దాని మాట పొడవు 12 బిట్లు, 12 బిట్లతో లెక్కపెట్టగలిగేవి 4,096 గళ్లే. అంతకుముందే ఐబీఎం 1401 కోసం రాసిన ఫోర్‌ట్రాన్ కంపైలర్ 8,000 అక్షరాల మెమరీలో ఇమిడింది. దాని కిటుకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ప్రోగ్రామును మెమరీలో కూర్చోబెట్టి, కంపైలర్‌నే 63 ముక్కలు చేసి ఒక్కొక్క ముక్కను దాని మీదుగా నడిపించారు. మన పిల్లలు దశాబ్దాల పాటు చూసిన నీలి తెర టర్బో సీకి పెద్దన్న అయిన టర్బో పాస్కల్, 1983లో ఎడిటర్‌తో కలిపి 40 కేబీ లోపే ఉండేది.

ర్యామ్ చవకయ్యాక పొదుపు వేగానికి దారిచ్చింది. క్లాంగ్ తీసుకున్న మెమరీని చివర్లో విడిపించదు, ఎలాగూ ప్రాసెస్ పోతుంది కదా అని. డీ భాష కంపైలర్ డీఎండీ అసలు ఏదీ విడిపించకుండానే పరుగెత్తేది, తర్వాత పొదుపుగా నడిచే ఆప్షన్ ఒకటి చేర్చాల్సి వచ్చింది. 2011 చివర్లో ఫైర్‌ఫాక్స్‌కు గోడ తగిలింది. విండోస్‌లో ఆప్టిమైజ్ చేసి లింక్ చేస్తుంటే 32 బిట్ల లింకర్‌కు దక్కిన 3 జీబీ చిరునామాలు చాలక బిల్డులు ఆగిపోయాయి. ఇప్పుడు ఆండ్రాయిడ్‌ను మొత్తంగా బిల్డ్ చేయడానికి గూగుల్ అడిగేది 64 జీబీ. వెనక్కి తిరిగినవాళ్లూ లేకపోలేదు. జిగ్ కంపైలర్ 2022లో తన భాషలోనే తిరగరాసుకున్నాక, తనను తాను కంపైల్ చేసుకోవడానికి పట్టే మెమరీ 9.6 జీబీ నుంచి 2.8కి దిగింది.

ముందే లెక్కగట్టి ‘ఈ ప్రోగ్రాముకు ఇంత పడుతుంది’ అని కంపైలర్ చెప్పలేదా? చెప్పలేదు. సీ ప్లస్ ప్లస్ టెంప్లేట్లు వాటంతటవే ఒక పూర్తి ప్రోగ్రామింగ్ భాష. 1994లో ఎర్విన్ ఉన్రూ కంపైలర్ ఎర్రర్ సందేశాల్లోనే ప్రధాన సంఖ్యలు రాయించి ఆ సంగతి చూపించాడు. అది ఎక్కడ ఆగుతుందో, ఎంత తింటుందో ముందే తేల్చే పద్ధతి లేదు. అందుకే గీతలు. టెంప్లేట్ లోతుకు జీసీసీ 900 దగ్గర, క్లాంగ్ 1,024 దగ్గర గీత గీశాయి. కావాలంటే పెంచుకోవచ్చు. టర్బో సీలో 200 వరసలు, 200 నిలువులతో పూర్ణాంకాల మ్యాట్రిక్స్ రాస్తే 80,000 బైట్లవుతుంది, 64 కేబీ దాటినందుకు శ్రేణి మరీ పెద్దదని ఆ లైను చూపించి ఆపేసేది. ఆ పాత సందేశంలో ఇప్పటి మెమరీ సందేశాల్లో లేని మర్యాద ఉంది, తప్పు ఏ లైనులోనో చెప్పేది. గీత లేకపోతే ఏమవుతుందో చూపడానికి సీలో పద్నాలుగు అక్షరాల ప్రోగ్రాము ఒకటి ప్రసిద్ధం. మెయిన్‌ను ఫంక్షన్‌గా కాక నాలుగు వందల కోట్ల పైచిలుకు గళ్ల శ్రేణిగా ప్రకటిస్తుంది, అంతే. ఫలితంగా వచ్చే ఫైలు 16 జీబీ.

జీసీసీ, ఎల్‌ఎల్‌వీఎం రెండూ ఎవరైనా తెరిచి చూడగలిగిన కోడ్. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఉపద్రష్ట రామకృష్ణ బృందం ఎల్‌ఎల్‌వీఎం మీదే పరిశోధన చేస్తోంది, వాళ్ల ఐఆర్2వెక్ 2020లో ప్రచురితమైంది. పోయేముందు కంపైలర్ ఏ ఫంక్షన్ మీద, ఏ దశలో ఉందో, ఏ గోడకు తగిలిందో చెప్పించే పని ఇంజినీరింగ్ విద్యార్థి ప్రాజెక్టుకు తగినంతది. బయటి మేస్త్రి వేరే ప్రాసెస్‌గా ఉంటే పోయినవాడు గరిష్ఠంగా వాడిన మెమరీ లెక్కను కెర్నెల్ నుంచి అడిగి తెలుసుకోగలడు కూడా. కొత్త భాష తయారు చేస్తామని వచ్చే పిల్లలకు నేనైతే ముందు ఈ పని చూపిస్తాను. కోచింగ్ సెంటర్ల ఫ్యాకల్టీలకూ ఒక మనవి. మొదటి వారంలోనే 137, 1455 అనే అంకెల్ని బోర్డు మీద రాసి అర్థం చెప్పండి. పది నిమిషాల పని.

ఆ రాత్రి ఎక్స్‌ఎంఎక్స్‌ను మళ్లీ 2,048కి దించాం. కోట్లిన్ కంపైలర్‌ను గ్రాడిల్ ప్రాసెస్‌లోనే నడిచేలా ఒక లైను చేర్చాం. అల్లుడికి వేరు గది ఉండాలన్న నా మాటకు ఇది విరుద్ధమే, కానీ 8 జీబీల ఇంట్లో వేరు గదులెక్కడివి? ఎమ్యులేటర్ మూసేసి అతని ఫోన్‌నే కేబుల్‌తో కలిపాం. క్రోమ్ కూడా మూశాం. పదకొండున్నరకు యాప్ ఫోన్లో తెరుచుకుంది. అతను రాసిన కోడ్‌లో ఒక్క లైనూ మార్చలేదు.